ఇంటి పన్నులో ఎనిమిది పైసలు.. మన లైబ్రరీకి నెట్ ఎప్పుడు?

మీ ఇంట్లో ఇంటి పన్ను రసీదు ఉందా? ఉంటే ఓసారి బయటికి తీయండి. పంచాయతీదైనా, మున్సిపాలిటీదైనా ఫర్వాలేదు. ఇంటి పన్ను, నీటి పన్ను, లైటు పన్ను అని వరుసగా ఉంటాయి కదా, ఆ వరుసలో ఓ చిన్న అంకె కనిపిస్తుంది. దాని పక్కన ‘గ్రంథాలయ పన్ను’ అనో, ‘లైబ్రరీ సెస్’ అనో రాసుంటుంది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు లెక్క. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు దాని మీద ఇంకో 80 రూపాయలు లైబ్రరీ కోసం కడుతోంది.

ఈ మాట మా ఫ్రెండ్స్ గ్రూపులో పెడితే ఒకడు ‘అబ్బో, మనకి లైబ్రరీ సబ్‌స్క్రిప్షన్ కూడా ఉందా!’ అని నవ్వే ఎమోజీ పెట్టాడు. జోకే గానీ నిజం. ఓటీటీకి డబ్బులు కట్టి, సినిమా సరిగ్గా ఆడకపోతే అరగంటలో కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తాం. లైబ్రరీకి మాత్రం తాతలు కట్టారు, నాన్నలు కట్టారు, ఇప్పుడు మనం కడుతున్నాం. సర్వీసు ఏది అని అడిగినవాళ్లు చాలా తక్కువ.

మాది నెల్లూరు తీరం. మైపాడు బీచ్‌కి పోయే దారిలో ఒక ఊరు. ఇటు అల్లూరు దాకా, అటు ముత్తుకూరు దాకా చుట్టాలున్న ఊళ్లే. ఈ వేసవిలో బండి వేసుకుని ఆ ఊళ్లలో లైబ్రరీలు చూసుకుంటూ తిరిగాను. ఏ ఊరిది ఎలా ఉందో పేర్లు పెట్టి రాయడం లేదు. కొన్ని బాగున్నాయి, కొన్ని బాగాలేవు, కానీ అన్నింటిదీ ఒకటే జబ్బు. ఒక్క ఊరిని పట్టుకుని తిడితే ఆ జబ్బు తగ్గదు.

దుప్పటి కప్పుకున్న కంప్యూటర్

ఒక శాఖా గ్రంథాలయంలో కంప్యూటర్ ఉందని తెలిసి వెళ్లాను. బయట బోర్డు మీద ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు, శుక్రవారం సెలవు అని ఉంది. లోపల పేపర్లు చదివే పెద్దాయనలు నలుగురు, మూల బెంచీ మీద గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే కుర్రాళ్లు ఇద్దరు, గోడ మీద గాంధీ గారు. కంప్యూటర్ కిటికీ పక్కన ఉంది. దాని మీద పాత దుప్పటి, దుప్పటి మీద పేపర్ల రిజిస్టరు.

‘‘పని చేస్తదా అక్కా?’’ అని అడిగా.

‘‘వచ్చినప్పుడు బాగానే ఉండింది నాయనా’’ అంది లైబ్రేరియన్ అక్క. ‘‘ముందు యూపీఎస్ బ్యాటరీ పోయింది. ఆ తర్వాత నెట్టు బిల్లు కట్టలా. ఇప్పుడు ఆన్ చేస్తే పైకి లేస్తదో లేదో తెలీదు. బ్యాటరీ కొనాలంటే ఏ పద్దులో రాయాలో చెప్పేవాళ్లు లేరు. పుస్తకాలకి పద్దు ఉంది, పేపర్లకి పద్దు ఉంది. బ్యాటరీకి లేదు.’’

దుప్పటి తీసి చూశాను. కీబోర్డు వెనక స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి. యూఎస్‌బీ పెట్టే చోట పచ్చగా పూత. సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మన దగ్గర సీలింగ్ ఫ్యాను రెక్కలే చూస్తుండగా తుప్పు పడతాయి, గేటుకి ఏటా రంగు వేయాలి. ఉప్పు గాలికి కంప్యూటర్ అంటే గౌరవమేమీ లేదు. దానికి తోడు తుపాన్లు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు మన తీరం పక్కగానే పోయింది. అప్పుడు కరెంటు పోయి, ఫోన్ చార్జింగ్ కోసం ట్రాక్టర్ బ్యాటరీల చుట్టూ తిరిగిన ఊళ్లు ఉన్నాయి.

పల్లెల్లో ఏ మెషీన్ పెట్టినా కొన్న రోజు ఖర్చు ఒకటి, తర్వాత ప్రతి నెలా దాన్ని బతికించే ఖర్చు ఇంకొకటి. మొదటిదానికి రిబ్బన్ కటింగ్ ఉంటుంది, ఫొటో ఉంటుంది. రెండోదానికి ఏమీ ఉండదు.

ఈ సంగతి మన దగ్గర రొయ్యల గుంటలు చేసేవాళ్లందరికీ తెలుసు. ముత్తుకూరు వైపు మా మామ ఒకాయన వనామీ వేస్తాడు. లైబ్రరీ కంప్యూటర్ కథ చెబితే ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు: ‘‘గుంట తవ్వేది ఒకసారేరా అబ్బాయ్. ఏరియేటర్ తిప్పేది రోజూ. కరెంటుకి డబ్బులు పెట్టుకోకుండా గుంట తవ్వినోడిని ఏమంటారు?’’

ఏమంటారో నేను రాయలేను. మా మామ మాత్రం అన్నాడు.

ఫోన్ ఉంది కదా, లైబ్రరీ ఎందుకు?

ఈ ప్రశ్న మీకు ఈపాటికే వచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. అందరి చేతిలో ఫోన్ ఉంది, డేటా ఉంది. నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు నడిపే యాప్ ఉంది. 2018 జూన్‌లో దేశానికి అంకితం చేశారు, పైసా కట్టక్కర్లేదు. పాత తెలుగు పుస్తకాలు బోలెడన్ని స్కాన్ అయ్యి నెట్‌లో ఉన్నాయి. ఇంక తుప్పు పట్టే కంప్యూటర్ కోసం గొడవెందుకు?

2025 మెగా డీఎస్సీ గుర్తుందా? 16,347 పోస్టులు. పరీక్ష మొత్తం కంప్యూటర్ మీదే. మా బంధువుల్లో ఒక అక్క దానికి మూడేళ్లు చదివింది. చదివిందంతా పుస్తకాల్లో, ఫోన్‌లో. మౌస్ పట్టుకున్నది పరీక్ష హాల్లోనే. ‘‘ఆన్సర్ తెలుసురా, క్లిక్ ఎక్కడ చేయాలో చూసుకునేసరికి టైం పోయేది’’ అంది. నెల్లూరు టౌన్‌లో కోచింగ్ తీసుకున్నవాళ్లు వారానికో మాక్ టెస్ట్ రాసి వెళ్లారు. ఈమె ఊరు నుంచి టౌన్‌కి రోజూ పోయి రావాలంటే బస్సు చార్జీ, చీకటి పడేలోపు ఇల్లు చేరాలన్న రూలు. ఆ రూలు మగపిల్లలకి లేదు, అది ఇంకో గొడవ. ఊరి లైబ్రరీలో నెట్ ఉన్న కంప్యూటర్ ఒక్కటి ఉండి ఉంటే సరిపోయేది.

ఫోన్‌లో రీల్ చూడొచ్చు, పీడీఎఫ్ కూడా చదవొచ్చు. కానీ ఇరవై పేజీల అప్లికేషన్ నింపడం, సర్టిఫికెట్లు స్కాన్ చేసి సైజు తగ్గించి ఎక్కించడం, రెజ్యూమే టైప్ చేయడం, ప్రింట్ తీయడం.. వీటికి మనం నెట్ సెంటర్‌కే పోతాం. పేజీకి ఇంత, అప్లికేషన్‌కి ఇంత అని కడతాం. తీరం వెంబడి కాలనీల్లో ఇంటికి ఒకే ఫోన్ ఉంటుంది, అది నాన్నతో పాటు వేటకి పోతుంది. ఆ ఇంటి పిల్లకి ఆన్‌లైన్ అంటే నాన్న ఒడ్డుకి వచ్చాకే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం కదా, ఆ రెండు నెలలు కుర్రాళ్లంతా ఊళ్లోనే ఉంటారు. వలలు బాగుచేసుకుంటారు, పేకాడతారు, ఫోన్ చూస్తారు. లైబ్రరీ నిండాల్సిన 61 రోజులు అవి.

ఇంకో మాట కూడా చెప్పాలి. కాసేపు నిశ్శబ్దంగా కూర్చునే చోటు మన ఇళ్లలో లేదు. ఒకే గది, ఒకే టీవీ. ‘చదువుకునే కుర్చీ’ అనేది కూడా లైబ్రరీ ఇచ్చే సర్వీసే. దానికి చార్జింగ్ పాయింట్, వైఫై కలిస్తే అదే సగం డిజిటల్ లైబ్రరీ.

ఆ ఎనిమిది పైసలు ఎక్కడ ఆగుతున్నాయి?

ఈ పన్ను కొత్తది కాదు. మన దేశంలో తొలి లైబ్రరీ చట్టాల్లో ఒకటి 1948 నాటి మద్రాసు పబ్లిక్ లైబ్రరీల చట్టం. దాని వెనక ఉన్నది ఎస్.ఆర్. రంగనాథన్. అప్పుడు నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కాబట్టి ఆ చట్టం మనకీ వర్తించింది. ఆస్తి పన్నులో రూపాయికి ఆరు పైలు లైబ్రరీకి. రూపాయికి 192 పైలు ఉండే కాలం అది. తర్వాత 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇప్పుడున్న రేటు ఎనిమిది పైసలు.

డబ్బు నడిచే దారి సింపుల్‌గానే ఉంటుంది. పంచాయతీ, మున్సిపాలిటీ ఇంటి పన్నుతో పాటు సెస్ వసూలు చేస్తాయి. వసూలు చేసింది జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. సంస్థ ఆ డబ్బుతో జిల్లాలోని శాఖా గ్రంథాలయాలకి పుస్తకాలు, పేపర్లు, కరెంటు, అద్దె, ఫర్నిచర్ చూస్తుంది. రెగ్యులర్ ఉద్యోగుల జీతాల భారం ప్రభుత్వానిది.

కాగితం మీద చాలా మంచి ఏర్పాటు ఇది. దేశంలో చాలా రాష్ట్రాల్లో లైబ్రరీకంటూ పన్నే లేదు. అక్కడ లైబ్రరీ అంటే ప్రతి బడ్జెట్‌లో చెయ్యి చాచాల్సిందే. మనకి సొంత ఆదాయం ఉంది. ఆ ఆదాయం చేరడమే కష్టంగా ఉంది. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్‌ని గ్రంథాలయ సంస్థలకి కట్టకుండా బకాయి పెట్టడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి పేపర్లలో వస్తున్న వార్తే. జిల్లా పేరు మారుతుంది, వార్త మారదు.

ఎందుకు కట్టరు అని ఒక సర్పంచ్ మామని అడిగాను. ఆయన దాచుకోకుండా చెప్పాడు: ‘‘పన్ను అంతా ఒకే చోట పడతది. వీధి లైట్లు, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, మోటార్ రిపేరు.. అన్నీ దాంట్లోంచే. లైటు వెలక్కపోతే పొద్దున్నే మా ఇంటి ముందు నిలబడి తిడతారు. లైబ్రరీలో నెట్టు లేదని ఇంతవరకు ఎవురన్నా వచ్చి తిట్టినారా? నువ్వే చెప్పు.’’

నా దగ్గర జవాబు లేదు. ఆయన్ని విలన్‌ని చేయాలని కూడా అనిపించలేదు. చేతిలో ఉన్న పది రూపాయల్ని పదిహేను పనులకి పంచాల్సినవాడు, ఎవరు అరవరో వాళ్ల వాటా ముందు కోస్తాడు. లైబ్రరీకి వచ్చే మనం అరవం. అక్కడ అరవకూడదని బోర్డే ఉంటుంది కదా!

బిల్డింగులకి డబ్బులున్నాయి, బ్యాటరీకి లేవు

కొత్త డబ్బు అసలు రాలేదని కాదు. 2021లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం పంచాయతీకో డిజిటల్ లైబ్రరీ అంది. మొత్తం 12,979 పంచాయతీలు లక్ష్యం, మొదటి విడత 4,530. కంప్యూటర్లు, ఇంటర్నెట్, ఊళ్లోంచే ఇంట్లో కూర్చున్నట్టు ఉద్యోగం చేసుకునే వసతి. కరోనా టైంలో బెంగళూరు, హైదరాబాద్ నుంచి ఊళ్లకి వచ్చి, సిగ్నల్ కోసం డాబా ఎక్కిన సాఫ్ట్‌వేర్ అన్నలందరికీ అది నచ్చింది. ఐడియా మంచిది. కానీ చాలా చోట్ల పనులు పునాది దగ్గరో, శ్లాబు దగ్గరో ఆగిపోయాయి. బిల్లులు రాక కాంట్రాక్టర్లు వదిలేశారు. ప్రభుత్వం మారింది, పేరు మారింది, గోడలు అక్కడే ఉన్నాయి.

ఇందులో పార్టీల గొడవ నాకొద్దు. నాకు కనపడేది ఒకటే. పక్క వీధిలోనే యాభై ఏళ్ల నుంచి పన్ను మీద నడుస్తున్న శాఖా గ్రంథాలయం ఉంది. దానికి నెట్ ఇవ్వకుండా వేరే శాఖ కింద వేరే బిల్డింగ్ మొదలుపెట్టారు. అది పూర్తయినా దాన్ని నడిపే ఏటేటి డబ్బు ఎక్కడ నుంచి వస్తుందన్నది మళ్లీ మొదటి ప్రశ్నే.

కేంద్రం వైపు చూస్తే, కోల్‌కతాలో రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ ఉంది, 1972 నుంచి. పబ్లిక్ లైబ్రరీలకి పుస్తకాలకి, బిల్డింగులకి, కంప్యూటర్లకి సాయం చేస్తుంది. దానిలో ‘మ్యాచింగ్’ పద్ధతి ఒకటి ఉంది. రాష్ట్రం తన వాటా వేస్తే కేంద్రం వాటా కలుస్తుంది, వేయకపోతే లేదు. 2014లో నేషనల్ మిషన్ ఆన్ లైబ్రరీస్ మొదలైంది. 2023 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పిల్లలకి, టీనేజర్లకి జాతీయ డిజిటల్ లైబ్రరీ ప్రకటించారు. పంచాయతీ, వార్డు స్థాయిలో లైబ్రరీలు పెట్టి, దాన్ని చూసుకునే వసతి కల్పించమని రాష్ట్రాలని ప్రోత్సహిస్తామన్నారు. ఆ మాటని జాగ్రత్తగా చదవండి. యాప్ కేంద్రానిది. కుర్చీ, కరెంటు, కంప్యూటర్ రాష్ట్రానివి, పంచాయతీవి. రాజ్యాంగంలో లైబ్రరీలు రాష్ట్రాల జాబితాలోనే ఉన్నాయి కాబట్టి ఇది తప్పని కూడా అనలేం.

మన పక్క రాష్ట్రాలు ఏం చేస్తున్నాయో కూడా చూడాలి. తమిళనాడులో సెస్ రూపాయికి పది పైసలు. చెన్నై కొట్టూర్‌పురంలో 2010లో కట్టిన అన్నా సెంటినరీ లైబ్రరీలో మన పుస్తకాలు మనమే తెచ్చుకుని చదువుకునే హాలు ఉంది. సూళ్లూరుపేటలో చెన్నై లోకల్ ట్రైన్ ఎక్కితే అక్కడికి పోయి రావచ్చు. కర్ణాటకది నాకు ఇంకా నచ్చింది. అక్కడ గ్రామ పంచాయతీ లైబ్రరీలు 5,600 పైచిలుకు ఉన్నాయి. 2019లో వాటిని గ్రామీణాభివృద్ధి శాఖ కిందికి తెచ్చారు. కొత్త పేరుతో కొత్త బిల్డింగులు మొదలుపెట్టే బదులు ఉన్నవాటికే రంగులేసి, కంప్యూటర్లు పెట్టి, పిల్లలకి ఉచిత సభ్యత్వం ఇచ్చారు. అక్కడా సెస్ ఉంది, అక్కడా బకాయిల గొడవలున్నాయి. కానీ ఊళ్లో ఉన్న లైబ్రరీనే బాగుచేయాలన్న తెలివి నాకు నచ్చింది.

ప్రపంచంలో లైబ్రరీల కోసం అందరికంటే ఎక్కువ బిల్డింగులు కట్టించిన మనిషి బహుశా ఆండ్రూ కార్నెగీ. ఉక్కు వ్యాపారి, అమెరికా. ఆయన డబ్బుతో ప్రపంచం మొత్తం మీద 2,509 లైబ్రరీలు లేచాయి. ఆయన పెట్టిన షరతు ఒకటుంది. ఊరు స్థలం ఇవ్వాలి, నేను ఇచ్చే డబ్బులో పదో వంతు ప్రతి ఏడాదీ ఊరి పన్నుల్లోంచి లైబ్రరీ నడపడానికి పెట్టాలి, అప్పుడే చెక్కు ఇస్తాను అనేవాడు. మా మామ గుంట లెక్కే ఇది. ఏరియేటర్ కరెంటుకి డబ్బు చూపిస్తేనే గుంట తవ్వుతా అన్నమాట.

వేసవి తిరుగుడులో నేను కట్టిన లెక్క

ఒక మండల శాఖా గ్రంథాలయం తీసుకుందాం. అంకెలు నావి, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి. నాలుగు కంప్యూటర్లు, ఒక్కోటి 40 వేలు అనుకుంటే 1,60,000. మన ఉప్పు గాలికి ఐదేళ్లు బతుకుతాయి అనుకుందాం. అంటే ఏడాదికి 32 వేలు పక్కన పెట్టాలి. నెట్ నెలకి 600, ఏడాదికి 7,200. అదనపు కరెంటు నెలకి 500, ఏడాదికి 6,000. యూపీఎస్ బ్యాటరీలకి ఏడాదికి 4,000. రిపేర్లకి 6,000. ప్రింటర్ కాగితం, ఇంకుకి 6,000. అంతా కలిపితే 61,200.

ఇప్పుడు ఆదాయం. మండలంలో 15 వేల ఇళ్లు, సగటున ఇంటి పన్ను 600 అనుకుంటే, ఇంటికి సెస్ 48 రూపాయలు. మొత్తం 7,20,000. అందులో 61,200 అంటే ఎనిమిదిన్నర శాతం. ఎనిమిది పైసల్లో ముప్పావు పైసా కూడా కాదు! మిగతా ఏడు పైసల పైచిలుకు పుస్తకాలకీ పేపర్లకీ అలాగే ఉంటుంది. పన్ను పెంచక్కర్లేదు, కొత్త స్కీమ్ పేరు వెతకక్కర్లేదు. వసూలైంది వసూలైనట్టు సంస్థకి చేరాలి. చేరినదాంట్లో ‘డిజిటల్ నిర్వహణ’ అని ఒక పద్దు ఉండాలి, బ్యాటరీ పోతే అక్క రాసుకునే చోటు. నేను ఎన్ని ఊళ్లు తిరిగినా చివరికి ఈ రెండు మాటలే మిగిలాయి.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టాల్సిన పని దాదాపు లేదు. మన ఎన్‌ఐసీ వాళ్లు చేసిన ఈ-గ్రంథాలయ ప్రభుత్వ లైబ్రరీలకి ఉచితం. కోహా అని ఇంకోటి ఉంది, ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు. అది న్యూజిలాండ్‌లో హోరోవెనువా అనే చిన్న ప్రాంతపు లైబ్రరీ ట్రస్టు కోసం పుట్టింది. పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్ కొనలేక రాయించుకున్నారు, తర్వాత ప్రపంచానికి వదిలేశారు. కోహా అంటే మావోరీ భాషలో కానుక.

కష్టమైనది మనిషి. కంప్యూటర్ ఆన్ చేసి, భయపడే పిల్లకి మౌస్ చేతికిచ్చి, ‘ఇట్టా పట్టుకో’ అని చెప్పే మనిషి. నా లెక్కలో ఆ మనిషి జీతం లేదు, గమనించారో లేదో. రిటైరైన పోస్టులు ఖాళీగా ఉండి, ఒకే లైబ్రేరియన్ రెండు ఊళ్లు చూసుకునే చోట్లు నేను చూశాను. 2019 అక్టోబర్ 2 నుంచి గ్రామ సచివాలయాలున్నాయి, వాటిలో డిజిటల్ అసిస్టెంట్లున్నారు. వారానికి రెండు సాయంత్రాలు వాళ్లని లైబ్రరీలో కూర్చోబెడితే ఏమవుతుందో ఎవరైనా ట్రై చేసి చూస్తే బాగుండు. వాళ్లు నన్ను తిట్టుకుంటారని తెలుసు, వాళ్లకి ఇప్పటికే పని ఎక్కువ.

1935లో పాతూరి నాగభూషణం గారు పడవ మీద లైబ్రరీ నడిపారు. మన బకింగ్‌హామ్ కాలువ మీద కాదు, పైన కృష్ణా కాలువ మీద, పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా. ఒడ్డున ఉన్న ఊళ్లకి పుస్తకాలు పోయేవి. ఆ రోజుల్లో అదే కొత్త టెక్నాలజీ. దాని గురించి చదివినప్పుడల్లా నాకు పడవ కంటే, రోజూ దాన్ని నడిపి తిరిగొచ్చిన మనుషులే గుర్తొస్తారు.

కాగితాల సంగతి

తీరం లైబ్రరీలకి డిజిటల్ అవసరం ఇంకోటి ఉంది, నెట్‌తో సంబంధం లేనిది. ఉప్పు గాలి కంప్యూటర్నే కాదు, కాగితాన్నీ తింటుంది. మన పైన చీరాల పక్కన వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో పుట్టింది, 1929లో గాంధీ గారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికలు దాచిపెట్టినందుకు దానికి పేరు. అలాంటి కట్టలు మన జిల్లాలో చిన్న చిన్న లైబ్రరీల అటకల మీద కూడా ఉన్నాయి. ఒక చోట నేను ముట్టుకుంటే పేజీ అప్పడంలా విరిగింది. వీటికి ఖరీదైన మెషీన్లు రావాలని కూర్చుంటే ఇంకో రెండు తుపాన్లు వచ్చిపోతాయి. మంచి ఫోన్ కెమెరా, స్టాండు, ఓపికున్న ఇద్దరు డిగ్రీ విద్యార్థులు చాలు, మొదలుపెట్టడానికి.

కంపెనీల డబ్బు సంగతి కూడా చెప్పి ముగిస్తా. కృష్ణపట్నం చుట్టూ పోర్టు ఉంది, థర్మల్ పవర్ ప్లాంట్లున్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ చట్టం ఏడో షెడ్యూల్‌లో ‘పబ్లిక్ లైబ్రరీలు ఏర్పాటు చేయడం’ అని స్పష్టంగా ఉంది. కంప్యూటర్లు అడగడానికి అది మంచి దారి. కానీ ఏర్పాటు చేయడం అంటే మళ్లీ గుంట తవ్వడమే. రేపు కంపెనీ మూడ్ మారితే నెట్ బిల్లు ఎవరు కడతారు? కాబట్టి వాళ్ల దగ్గర మెషీన్లు తీసుకుందాం, నెల ఖర్చు మాత్రం మన ఎనిమిది పైసల్లోంచే రావాలి.

రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకి అప్పగించదగ్గ విషయాలు 29 ఉన్నాయి. ఇరవయ్యోది లైబ్రరీలు. ఊరి అభివృద్ధి ప్రణాళిక కోసం అక్టోబర్ 2 నుంచి గ్రామ సభలు పెడతారు. అక్కడ రోడ్డు అడుగుతారు, కాలువ అడుగుతారు. లైబ్రరీ నెట్ గురించి ఒక్క కుర్రాడు లేచి అడిగినా మినిట్స్‌లో రాయాల్సిందే. సర్పంచ్ మామ ‘ఎవురన్నా వచ్చి తిట్టినారా’ అన్నాడు కదా.

అంతకంటే ముందు ఇంకో పని ఉంది. సమాచార హక్కు చట్టం కింద మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో అర్జీ పెట్టడానికి ఫీజు లేదు. మండల స్థాయిలో ఐదు రూపాయలు, జిల్లా స్థాయిలో పది. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నేను మా పంచాయతీకి తెల్లకాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసిచ్చాను. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఏడాదివారీగా గ్రంథాలయ సెస్ ఎంత డిమాండ్ వేశారు, ఎంత వసూలైంది, అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకి ఏ తేదీన ఎంత జమ చేశారు, ఇంకా ఎంత బకాయి ఉంది. ఇదే కాగితం చివర్లో ‘డిజిటల్ సేవల నిర్వహణకి ఎంత ఖర్చు చేశారు’ అని చేర్చి, పది రూపాయలు కట్టి సంస్థకీ ఇచ్చాను.

పంచాయతీ కార్యదర్శి ఆ కాగితం రెండుసార్లు చదివి, ‘‘లైబ్రరీ గురించి ఇప్పుడెందుకబ్బా?’’ అన్నాడు. అయినా తీసుకుని, ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. అర్జీ పెట్టి ఇవ్వాళ్టికి పందొమ్మిది రోజులు. ఇంకా పదకొండు ఉన్నాయి.